మోదుగుమడి మీద బూడిద

సహస్ర బడికి రావడం మానేసిందని రెబెకా గమనించిన రోజే, ఆ పిల్లను మెదక్‌లో స్టేజీ ఎక్కించాలని హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది.

ఫోన్ చేసింది రచన. బడినీ ఊరినీ కలిపి పని చేయించే ఒక సంస్థలో ఉద్యోగం ఆ అమ్మాయిది. మెదక్, హవేలిఘనపూర్, ఎల్దుర్తి బడులు మూడూ ఆమె చేతి కిందే ఉన్నాయి. గొంతులో సంతోషం దాగడం లేదు.

"మేడం, మీ ముగ్గు మ్యాప్ అందరికీ తెగ నచ్చింది. మీ బడికే ఫస్ట్ ప్రైజ్ అనుకుంటున్నారు. ఆ బూడిద పోసిన అమ్మాయే వచ్చి మాట్లాడాలి. అది సొంత నాన్న పొలమేనట కదా! ఎంత ధైర్యం!"

రెబెకా తొమ్మిదో తరగతి గదిలోకి చూసింది. కిటికీ పక్క బెంచీలో సహస్ర కూర్చునే చోట ఎవరిదో టిఫిన్ సంచి పెట్టి ఉంది.

"చూస్తానమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

సహస్ర ఎందుకు రావడం లేదని అడిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అఖిల్ సగం లేచాడు. "వాళ్ల నాయిన వద్దన్నడంట మేడం. ఊరి వాట్సాప్ గ్రూపుల ఫోటో వచ్చిందంట." అంతే, ఆ మాట తనది కాదన్నట్టు గబుక్కున కూర్చున్నాడు.

రెబెకాది మెదకే. తండ్రి డేవిడ్ పాత కాలం ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. కూతురు టీచరైన రోజున వీధంతా లడ్డూలు పంచి, "నేను అక్షరాలు తిరగేసి పేర్చిన, నా బిడ్డ సక్కగ పేరుస్తది" అని చెప్పుకున్నాడు. మొదటి ఉద్యోగం నర్సాపూర్ అడవి అంచున ఉన్న బడిలో. కొన్నాళ్లు అటూ ఇటూ తిరిగి, మళ్లీ మెదక్ శివారులో ఉన్న ఈ హైస్కూలుకే బయాలజీ టీచరుగా వచ్చింది. భర్త అనూప్ బస్సు డిపోలో మెకానిక్. కూతురు నిస్సికి ఉబ్బసం.

వానకాలం వరికోతలు అయిపోయి, యాసంగి పంటకు నార్లు పోసేదాకా నిస్సికి గండం. కోత మిషన్లు వదిలేసి పోయిన గడ్డికీ కొయ్యకాళ్లకూ రైతులు నిప్పు పెడతారు. సాయంత్రానికల్లా ఆ పొగ వచ్చి మెదక్ మీద పడుకుంటుంది. పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రాయడం తప్ప రెబెకా చేయగలిగిందేమీ ఉండేది కాదు. అందుకే బడి, ఊరు కలిసి గడ్డి కాల్చకుండా చూడాలన్న కార్యక్రమం వచ్చినప్పుడు మిగతా టీచర్లంతా సిలబస్ పేరు చెప్పి తప్పుకున్నా, ఆమె చెయ్యెత్తింది. "రెబెకా మేడం, పిల్లలకు మార్కులు రాకుంటె గడ్డి పెడ్తరా ఏంది?" అని స్టాఫ్‌రూంలో నవ్వుకున్నారు.

ఈ బడికి జత చేసింది సహస్ర వాళ్ల ఊరిని. ఒప్పందం సులువైనదే. రైతులు గడ్డి కాల్చరు. బదులుగా గడ్డిని కట్టలు కట్టే మిషన్ ఒకటి ఊరికి వస్తుంది, వంతులవారీగా అందరి పొలాల్లోనూ తిరుగుతుంది. ఆ కట్టలు పశువులకు కొన్ని, బడి వెనక ఎరువు గుంతకు కొన్ని. కాల్చితే నేల ఏమవుతుందో, గాలి ఏమవుతుందో పిల్లలు పొలాల్లోనే నేర్చుకుంటారు. ఊరి తరఫున కమిటీకి పెద్ద అమరేందర్. ఆయనకు బాట పొడుగునా పొలాలున్నాయి, మెదక్‌లో విత్తనాల దుకాణముంది. మిషన్ నిలపడానికి తన షెడ్డు ఇచ్చాడు.

కోతలు ముగిసే వేళకు పిల్లలు బడి ముందర ముగ్గుపిండితో ఊరి పొలాలన్నీ గీశారు. కాలువ, బాట, ఒక్కొక్క మడి. మనుషుల పేర్లు రాయొద్దని, ఎవరినీ నొప్పించొద్దని రెబెకాయే నియమం పెట్టింది. మడుల పేర్లు చాలంది. తర్వాత పిల్లలు పొలాలకు పోయి, ఏ మడిలో ఏముంటే అది పిడికెడు తెచ్చి ముగ్గులో ఆ మడి మీద పోయాలి. గడ్డి ఉంటే గడ్డి, బూడిద ఉంటే బూడిద. "చూసిందే తేవాలె. విన్నది వద్దు, అనుకున్నది వద్దు."

సహస్ర చివరన వచ్చింది. చేతిలో చిన్న కవరు. ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి, ఆగింది.

"మేడం, మాది గూడ పొయ్యాల్నా?"

"నువ్వేం చూసినవ్?"

"బూడిదే."

"మరి?"

ఆ పిల్ల వంగి, మోదుగుమడి అని రాసిన చోట కవరు కుమ్మరించింది. రెబెకా చప్పట్లు కొట్టింది. పిల్లలందరి చేతా కొట్టించింది. ఆ రోజు చూడటానికి వచ్చిన రచన ఫోటో తీసింది.

ఇప్పుడు ఆ చప్పట్లు తలుచుకుంటూ, బడి వదిలాక స్కూటీ మీద సహస్ర వాళ్ల ఊరు బయల్దేరింది. ఊరు హవేలిఘనపూర్ పోయే దారిలోనే ఉంది.

గడప ముందు ముసలామె అనపకాయలు ఒలుస్తోంది. సహస్ర నాయనమ్మ ఐలవ్వ. తలెత్తి, కళ్లు చికిలించి చూసింది.

"ఎవలు? బూడిద మేడమేనా?"

"నేనే అవ్వా. సహస్ర ఉన్నదా?"

"ఉండక యాడికి పోతది? బడికి తోలితె ఇంట్ల పొయ్యిల బూడిద గూడ ఎత్తుకపోతదని ఆపినం." నవ్వింది గానీ చేతులు ఆగలేదు. "కూసో బిడ్డా. కోపం నా కొడుకుకు. నాకు మోకాళ్ల నొప్పులే సాలు, కోపం గూడ యాడ మోస్త? కానీ ఒక్కటడుగుత. ముగ్గుల బూడిద ఎవలన్న పోస్తరా? మీరు మాత్రం మెదక్‌ల పుట్టలేదా?"

ముగ్గు వేసినప్పుడు రెబెకా చూసింది మ్యాప్‌నే.

ఇంతలో ఎల్లేష్ వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఆమెను చూసి, కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు పోతూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఏం మేడం, సరిపోయిందా, ఇంకింత గావాల్నా? మస్తున్నది. సంచుల పోసి ఆటోల పంపుత."

"ఎల్లేశన్నా, మేం ఎవ్వరి పేరు రాయలే. మడుల పేర్లే రాసినం."

"మడి పేరు రాసినంక మనిషి పేరెందుకు?" ఎల్లేష్ చెంబు కింద పెట్టాడు. "ఈ ఊర్ల నన్ను ఎవడన్న ఎల్లేష్ అంటడా? మోదుగుమడోడు అంటరు. మా నాయిన పోయిననాడు గూడ మోదుగుమడి ఎల్లయ్య పోయిండనే డప్పు కొట్టిండ్రు. మీరు పేరు రాయలేదంటరేంది?"

అది తనకు తెలియని సంగతేమీ కాదు. హాజరు పిలిచేటప్పుడు పిల్లలు ఒకరినొకరు ఏ పేర్లతో వెక్కిరించుకుంటారో రోజూ వింటూనే ఉంది. తెలిసీ, కాగితం మీద మనిషి పేరు లేకపోతే మనిషి లేనట్టేనని అనుకుంది.

"మొన్న ఎవలో ఒకాయన కారు దిగి, చాయ హోటల్ కాడ ఫోన్ల ఫోటో చూపెట్టి గీ మోదుగుమడి ఎవలిదని అడిగిండు. హోటలంత నవ్వింది. వేళ్లు పెట్టి చూపెట్టిండ్రు నన్ను. మళ్లొకపారి కాలవెడితె పేరు పైకి పోతదని బెదిరిచ్చి పోయిండు. గ్రూపుల ఎవడో రాసిండు, ఇంటి గుట్టు లంకకు చేటని. నవ్వే బొమ్మలు పెట్టిండ్రు. పోనీ, గది గూడ పడ్త. కానీ నా బిడ్డతోని పోపిచ్చి, సప్పట్లు కొట్టిపిచ్చిండ్రంట గదా మేడం."

"తప్పయింది అన్నా." రెబెకా గొంతు తగ్గింది. అయినా నిస్సి గుర్తొచ్చి, ఆగలేకపోయింది. "కానీ గడ్డి కాలవెట్టం అని మీరు గూడ మాట ఇచ్చిండ్రు గదా."

"ఇచ్చిన. మిషన్ వస్తదని మీరిచ్చిన మాట యాడవోయింది?"

ఐలవ్వ చేతులు మొదటిసారి ఆగాయి.

"అమరేందర్ పటేల్ పొలాలు బాట పొంటి ఉన్నయ్. మిషన్ ముందుగాల ఆడికే వాయె, ఆడ్నే తిరిగె. నేను పోయి అడిగితె రేపంటడు, ఎల్లుండంటడు. నా మడి లోపట. అవతలోళ్ల మడులల్ల నుంచే ఏ బండైనా రావాలె. వాళ్లు నారు పోసి నీళ్లు కట్టిండ్రు. ఇగ మిషన్ ఎట్లొస్తది, గాలిల ఎగిరొస్తదా? గడ్డి తీసి బండ్ల ఏద్దామంటె మనుషులు దొరకరు. నేను నారు పొయ్యొద్దా? తినొద్దా?"

రెబెకా కళ్ల ముందు ముగ్గు కదిలింది. బాట పక్కన పసుపుపచ్చగా గడ్డి. లోపలి మడుల్లో నల్లగా బూడిద. ఆ నలుపంతా ఒకే చోట కుప్పపడి ఉండటం ఆ రోజే చూసింది. కాలువ ఆకారం స్పష్టంగా కనిపిస్తోందని పిల్లల్ని మెచ్చుకుంది కూడా.

సహస్ర తలుపు చాటున నిలబడి ఉంది.

"నువ్వన్న నాకు చెప్పకపోతివేంది బిడ్డా, మిషన్ రాలేదని?"

"చూసిందే తెమ్మన్నరు మేడం." పిల్ల నేల చూపులు చూస్తూ అంది. "గడ్డికి గడ్డి, బూడిదకు బూడిద అన్నరు. మిషన్ రాకుంటె ఏం పొయ్యాల్నో చెప్పలే."

చివరికి, మెదక్ సభ సంగతి ముందే విన్న ఎల్లేషే తేల్చి చెప్పాడు. ఆ ఫోటో మెదక్ స్టేజీ మీదికి ఎక్కిందా, పిల్లను నర్సాపూర్‌లో చెల్లెలింట్లో పెడతాడు. అక్కడే ఏదో బడిలో చేర్పిస్తాడు.

"ఆడ సదువుతదో, దాని మేనత్త పిల్లలను ఎత్తుకుంటదో" అంది ఐలవ్వ, కొడుకు వైపు చూడకుండా.

మర్నాడు రెబెకా అమరేందర్ దుకాణానికి వెళ్లింది. ఆయన కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఎల్లేష్ చెప్పింది అబద్ధం కాదు మేడం. మిషన్ దగ్గరున్న పొలాలకే ముందుగాల పోయింది. డీజిల్ నేను పోస్తున్న, డ్రైవర్‌కు బువ్వ నేను పెడ్తున్న. ఊరంత తిప్పాలంటె ఎవలన్న ముందుకొచ్చిండ్రా?" చాయ్ కప్పు ఆమె వైపు జరిపాడు. "పిల్లను తీస్కరాండ్రి. మంచిగ మాట్లాడితె వచ్చే యేడు రెండో మిషన్ ఇస్తమంటుండ్రు. అప్పుడు మోదుగుమడికి గూడ పోతది. ఇప్పుడు లొల్లి వెట్టుకుంటె ఉన్నది గూడ వాపస్ పోతది. ఒక్కనికి కోపమొచ్చిందని అందరి నోట్ల మన్ను కొడ్తరా?"

ఆయన మాటల్లో కొట్టిపారేయాల్సింది ఏముందో ఆమెకు తోచలేదు. అదే మరింత బాధ పెట్టింది.

రచనకు ఫోన్ చేసి పిల్ల రాదని, ఆ ఫోటో వాడొద్దని చెప్పింది.

"మడి పేరు కనపడకుండా చేద్దాం మేడం. బూడిద కనిపిస్తే చాలు."

"ఆ బూడిద ఎవరిదో ఊరందరికీ తెలుసమ్మా."

"కానీ వచ్చేవాళ్లు పిల్లల నోటి నుంచి వినడానికే వస్తున్నారు. మీరొస్తే... అంటే, మీరు పెద్దవాళ్లు కదా."

"నేనే మాట్లాడుతా" అంది రెబెకా.

ఇంట్లో సంగతంతా చెప్తే అనూప్ పళ్లెంలోంచి తలెత్తలేదు. "మా డిపోల గూడ అంతే. బస్సు నడుమ ఆగితె డ్రైవర్‌ను తిడ్తరు. పాత టైరు ఏసి పంపినోణ్ని ఎవలడుగుతరు?" అన్నం కలుపుతూ, "అడిగినోని కథ మాత్రం అడగకు" అన్నాడు.

నిస్సి మందు పీల్చి, గొట్టం కడిగి గూట్లో పెట్టింది. "అమ్మా, వాళ్లు కాలవెడితేనే గదా నాకు గిట్లయితది? ఎవలు కాలవెట్టిండ్రో చెప్తె తప్పేంది?"

"తప్పు కాదమ్మా" అంది రెబెకా. దుప్పటి కప్పి, "పడుకో" అంది.

సభ మెదక్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మూడు బడుల పిల్లలు, ఊళ్ల నుంచి రైతులు, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దలు. హవేలిఘనపూర్ పిల్లలు ప్లాస్టిక్ మీద పాట పాడారు. రెబెకా పేరు పిలిచారు. ఆమె మైకు దగ్గరకు వెళ్లి రెండు మాటలు చెప్పేలోపే వెనక తెర మీద వెలుగు మారింది. తిరిగి చూస్తే అదే ఫోటో. వంగి ఉన్న సహస్ర, చేతిలో కవరు, నల్లటి మోదుగుమడి, చుట్టూ ముగ్గంతా. కింద పెద్ద అక్షరాలతో, 'ఒక కూతురి ధైర్యం.'

రచన దూరం నుంచి చేతులు తిప్పింది, తనకేం తెలియదన్నట్టు. హాల్లో సగం మంది ఫోన్లు పైకెత్తారు.

రెబెకా చేతిలోని కాగితం మడిచేసింది.

"ఈ ఫోటో పెట్టొద్దని చెప్పిన. పెట్టిండ్రు. పెట్టినంక దీంట్ల లేనిదేందో చెప్పాలె." ఆమె తెర దగ్గరకు వెళ్లి వేలు పెట్టింది. "గడ్డి ఉన్న మడులన్నీ బాట పక్కన ఉన్నయ్. బూడిద ఉన్న మడులన్నీ లోపట ఉన్నయ్. మిషన్ బాట దిగలే. అందరికీ వస్తదని చెప్పింది మేమే. రాలేదని మ్యాప్‌ల చూపెట్టనిది గూడ మేమే. ఇది ఆ పిల్ల ధైర్యం కాదు. ఆమె చూసింది తెచ్చింది. నేనే చూడలే."

ముందు వరసలో అమరేందర్ కాలి మీద కాలు తీసి కింద పెట్టాడు. హాలు వెనక నుంచి ఎల్దుర్తి రైతెవరో లేచి, "మా కాడ గూడ గంతే మేడం! పెద్దోళ్ల పొలాలు అయినంకనే మిషన్ కరాబైతది!" అన్నాడు. నవ్వులు లేచాయి. మైకు పట్టుకున్న పెద్దమనిషి టైం అయిపోయిందని, మిగతా విషయాలు లోపల కూర్చుని మాట్లాడుకుందామని చెప్పాడు. లోపల ఎవరూ కూర్చోలేదు. బహుమతి హవేలిఘనపూర్ బడికి ఇచ్చారు.

బయట చెయ్యి కడుక్కునే దగ్గర అమరేందర్ ఎదురయ్యాడు. కోపం లేదు మొహంలో. "మంచిగ మాట్లాడిండ్రు మేడం. మిషన్‌ను రేపు నా షెడ్డుల నుంచి తీస్కపోమని మీ రచన మేడంకు చెప్పుండ్రి. యాసంగి ఎరువు బస్తాలు పెట్టుకోవాలె" అన్నాడు.

మిషన్ మూడు బడుల చుట్టూ కొన్నాళ్లు కాగితాల మీద తిరిగి, చివరికి వేరే మండలానికి వెళ్లిపోయింది. బడి వెనక ఎరువు గుంతలో వేసిన గడ్డి అలాగే ఎండింది. రచన ఫోన్లు తగ్గాయి.

సహస్ర మాత్రం తిరిగి వచ్చింది. ఓ సోమవారం ప్రార్థన మొదలయ్యే వేళకు ఎల్లేష్ బండి మీద తీసుకొచ్చి గేటు దగ్గర దించాడు. రెబెకా పరుగులాంటి నడకతో వెళ్లింది.

"ఫోటో పెట్టిండ్రంట" అన్నాడు ఎల్లేష్. "మిషన్ సంగతి గూడ చెప్పిండ్రంట. ఎల్దుర్తిల మా బావమరిది చెప్పిండు." బండి హ్యాండిల్ మీద వేళ్లు ఆడించాడు. "మా అవ్వ నా పానం తింటుంది, పిల్ల ఏడ్వబట్టె. గందుకే తెచ్చిన. ఒక్కటే మాట మేడం. దాన్ని మా ఊరి సంగతి అడగకుండ్రి. పుస్తకంల ఉన్నది చెప్పుండ్రి, పుస్తకంల ఉన్నది అడుగుండ్రి. గంతే."

ఇచ్చిన మాటల్లో ఇదొక్కటైనా నిలుపుకోవాలని రెబెకాకు అనిపించింది. "సరే అన్నా" అంది.

సహస్ర బాగానే చదువుతోంది. హోంవర్క్ తప్పదు. పరీక్షలో గాలి కాలుష్యం మీద ప్రశ్న వస్తే ఫ్యాక్టరీల గురించి, వాహనాల గురించి తప్పుల్లేకుండా రాసింది. పొలాల మాట ఒక్కటి లేదు. రెబెకా పూర్తి మార్కులు వేసి, ఆ కాగితం పక్కన పెట్టి కూర్చుండిపోయింది.

ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు. యాసంగి కోతలు మొదలయ్యాయి. ఓ పొద్దున క్లాసు నడుస్తుండగా కిటికీలోంచి పొగ వాసన వచ్చింది. హవేలిఘనపూర్ దిక్కున ఆకాశంలోకి సన్నగా బూడిదరంగు పొగ లేస్తోంది. పిల్లలందరూ అటు చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకుని, చివరికి పుస్తకాల్లోకి తలలు దించారు. అఖిల్ కూడా.

రెబెకా తన మాట మరిచిపోయింది.

"ఎక్కడిది సహస్రా ఆ పొగ?"

పిల్ల లేచి నిలబడింది. కిటికీ పక్కనే కూర్చుంటుంది గనుక అందరికన్నా బాగా కనిపించేది ఆమెకే. ఆ దిక్కున ఏ మడి ఎవరిదో, ఎవరికి బాట ఉందో, ఎవరికి లేదో ఆమెకు తెలుసు. ఇప్పుడు రెబెకాకూ తెలుసు.

"తెల్వది మేడం."

సహస్ర ఆమె కళ్లలోకి సూటిగానే చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయమూ లేదు. తర్వాత పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీ వెతికింది.

"పుస్తకంల ఉన్నది సదువాల్నా మేడం?"

పొగ ఈ సాయంత్రానికి మెదక్ చేరుతుంది. తడిగుడ్డలు ఎక్కడ పెట్టిందో రెబెకాకు గుర్తు రాలేదు.

"చదువు" అంది.